749 రూపాయల ఓబీడీ డాంగిల్‌తో 26,500 ఎస్టిమేట్‌ని చెక్ చేశా: ఇగ్నిషన్ కాయిల్ పోయిందని తేల్చేది ఎలా?

నాన్న దగ్గర ఉన్నది 2015 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. 1.2 లీటర్ ఇంజిన్, నాలుగు సిలిండర్లు, 86 వేల కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇంత తిరిగిన ఏ పెట్రోల్ కారుకైనా ఈ రోగం రావొచ్చు. పొద్దున స్టార్ట్ చేస్తే సాఫీగానే ఉంటుంది. ఓ ఇరవై నిమిషాలు నడిచాక, పై గేర్‌లో ఉండగా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే జర్క్ కొడుతుంది, మీటర్‌లో పసుపు రంగు ఇంజిన్ బొమ్మ టక్ టక్‌మని వెలిగి ఆరుతుంది. నెలకు రెండుసార్లు అమ్మని కంటి చెకప్‌కి నల్గొండ నుంచి హైదరాబాద్ తీసుకొచ్చేది ఈ కారులోనే. చౌటుప్పల్ దాటాక లారీని ఓవర్‌టేక్ చేస్తుంటే సగంలో పికప్ పడిపోయిందట. వెనక బస్సువాడు హారన్ కొడుతూనే ఉన్నాడట.

ఒక మల్టీ బ్రాండ్ గ్యారేజ్‌లో చూపించారు. "కాయిల్స్ పోయినయ్ సార్, నాలుగూ మార్చాలె" అన్నారు. ఎస్టిమేట్‌లో నాలుగు కాయిల్స్, నాలుగు ప్లగ్‌లు, ఇంజెక్టర్ క్లీనింగ్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, పైన ఒక ఆక్సిజన్ సెన్సార్. మొత్తం 26,500. నాన్న రిటైర్ అయి రెండేళ్లయింది. "ఇంత పెట్టే బదులు అమ్మేద్దాం రా" అన్నారు ఫోన్‌లో. మిస్సింగ్ కొట్టే కారుని ఎవరైనా ఎంతకి అడుగుతారో మీకు తెలిసిందే. "శనివారం వస్తా, అప్పటిదాకా హైవే ఎక్కకండి నాన్నా" అని చెప్పి, ఆ రాత్రే ఓ డాంగిల్ ఆర్డర్ పెట్టా.

మన సైట్‌లో కార్ గ్యాడ్జెట్స్ అంటే డ్యాష్ క్యామ్, టైర్ ఇన్‌ఫ్లేటర్, ఆండ్రాయిడ్ స్టీరియో, ఇవే ఎక్కువ వస్తుంటాయి. ఓబీడీ డాంగిల్‌ని చాలామంది ఫోన్‌లో ఆర్‌పీఎం మీటర్ చూసుకుని మురిసిపోయే బొమ్మలా వాడి, వారం తర్వాత డ్రాయర్‌లో పడేస్తారు. దాని అసలు పని ఇలాంటి చోట తెలుస్తుంది.

ముందు కాయిల్ సంగతి

కారు బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. స్పార్క్ ప్లగ్ కొసల మధ్య గాలిలో నిప్పురవ్వ దూకాలంటే వేల వోల్టులు కావాలి. సుమారు 20 వేల నుంచి 40 వేల వరకు పోతుంది. ఈ పని చేసేదే ఇగ్నిషన్ కాయిల్. లోపల రెండు చుట్టలు ఉంటాయి. ఒకటి లావు తీగతో కొద్ది చుట్లు, రెండోది వెంట్రుకలాంటి సన్నటి తీగతో వేల చుట్లు. మొదటి చుట్టలో కరెంట్ పారించి, ఈసీయూ దాన్ని ఠక్కున కట్ చేస్తుంది. అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా కూలిపోతుంది, రెండో చుట్టలో ఆ భారీ వోల్టేజ్ పుడుతుంది. ఇంటర్‌లో ఫిజిక్స్ లెక్చరర్ బోర్డు మీద గీసిన ఇండక్షన్ కాయిల్ ఇదే. కాకపోతే ఇప్పుడు బోనెట్ కింద 90 డిగ్రీల వేడిలో నిమిషానికి వెయ్యిసార్లకి పైగా అదే పని చేస్తోంది.

పాత కార్లలో ఒకే కాయిల్, ఒక డిస్ట్రిబ్యూటర్, అక్కడినుంచి నాలుగు లావు వైర్లు ఉండేవి. ఇప్పటి కార్లలో చాలావాటికి ప్రతి ప్లగ్ నెత్తి మీద ఒక కాయిల్ నేరుగా కూర్చుంటుంది. రిపేర్ చేసేవాడికి ఇది వరం. ఎందుకో కాసేపట్లో చెప్తా.

కాయిల్ సాధారణంగా ఒక్కసారిగా చావదు. లోపలి సన్నటి తీగల మధ్య ఇన్సులేషన్ వేడికి, వైబ్రేషన్‌కి మెల్లగా పగుళ్లిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు పనిచేస్తుంది, వేడెక్కితే లీక్ అవుతుంది. ఇంకో విషయం, లోడ్ పెరిగితే సిలిండర్ లోపల ప్రెషర్ పెరుగుతుంది, ప్రెషర్ పెరిగేకొద్దీ రవ్వ దూకడానికి కావాల్సిన వోల్టేజ్ కూడా పెరుగుతుంది. అందుకే నీరసపడిన కాయిల్ సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో బుద్ధిగా ఉండి, ఓవర్‌టేక్ చేసేటప్పుడే చేతులెత్తేస్తుంది. గ్యారేజ్ ముందు నిలబెట్టి స్టార్ట్ చేసి చూపిస్తే "బాగానే ఉంది కదా సార్" అనేది ఇందుకే.

డాంగిల్ కొనేముందు

మన దేశంలో బీఎస్ 4 కార్లకి 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ 2 తప్పనిసరి అయింది. కాబట్టి ఆ తర్వాత వచ్చిన కారైతే స్టీరింగ్ కింద ఎక్కడో 16 పిన్నుల పోర్ట్ ఉంటుంది. పెడల్స్ పైన తల వంచి చూడాలి, ఒక్కోసారి ఫ్యూజ్ బాక్స్ మూత వెనక దాక్కుంటుంది.

ఆన్‌లైన్‌లో దొరికే చవక డాంగిల్స్ అన్నిటి మీదా ఈఎల్ఎమ్ 327 అని రాసి ఉంటుంది. నూటికి తొంభై తొమ్మిది నకిలీ చిప్‌లే అనుకోండి. అందులోనూ తేడాలున్నాయి. వెర్షన్ 2.1 అని అమ్మే అగ్గిపెట్టె సైజువి చాలావరకు కొన్ని కమాండ్లకి జవాబే ఇవ్వవు, కనెక్ట్ అయినట్టే అయి తెగిపోతుంటాయి. నెంబర్ పెద్దది కదా అని తీసుకోకండి. ఐఫోన్ వాడేవాళ్లు మామూలు బ్లూటూత్ డాంగిల్ కొంటే ఐఓఎస్ యాప్‌లలో కనెక్ట్ కాదు. బ్లూటూత్ లో ఎనర్జీ గానీ వైఫై గానీ ఉన్నది చూసుకోవాలి. నేను కొన్నది 749 రూపాయలది, ఆండ్రాయిడ్‌లో పిన్ 1234 కొడితే పెయిర్ అయింది. యాప్‌గా కార్ స్కానర్ వాడా. టార్క్ కూడా మంచిదే, దాని ఇంటర్‌ఫేస్ మాత్రం 2012 దగ్గరే ఆగిపోయినట్టుంటుంది.

పని అయ్యాక డాంగిల్ పీకేయండి. చాలా కార్లలో ఆ పోర్ట్‌కి ఇగ్నిషన్ ఆఫ్‌లో కూడా కరెంట్ వస్తూనే ఉంటుంది, పది రోజులు కారు కదలకపోతే బ్యాటరీ డౌన్ అవ్వొచ్చు. పైగా 1234 పాస్‌వర్డ్‌తో కారు నెట్‌వర్క్‌కి తలుపు తెరిచి పెట్టడం సాఫ్ట్‌వేర్ వాడిగా నాకు నచ్చదు.

కోడ్ ఏం చెప్తుంది, ఏం చెప్పదు

శనివారం నల్గొండలో, ఇంటి ముందు. స్కాన్ కొడితే రెండు కోడ్లు వచ్చాయి: పీ0303, పీ0171. మొదటిదాని అర్థం మూడో సిలిండర్‌లో మిస్‌ఫైర్. రెండోది, పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ అని.

ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. పీ0303 అంటే "మూడో కాయిల్ పోయింది" అని కాదు. ఈసీయూ క్రాంక్‌షాఫ్ట్ సెన్సార్ ద్వారా ఇంజిన్ తిరిగే వేగాన్ని గమనిస్తూ ఉంటుంది. ఒక సిలిండర్ వంతు వచ్చినప్పుడు రావాల్సిన తోపు రాకపోతే వేగం చిటికెడు తగ్గుతుంది, దాన్నిబట్టి ఫలానా సిలిండర్ మండలేదని రాసుకుంటుంది. ఎందుకు మండలేదో దానికి తెలియదు. కాయిల్ కావొచ్చు, ప్లగ్ కావొచ్చు, ఇంజెక్టర్ కావొచ్చు, కంప్రెషన్ తగ్గి ఉండొచ్చు. మా ఆఫీస్ భాషలో చెప్పాలంటే ఎర్రర్ ఏ లైన్‌లో వచ్చిందో తెలిసింది, బగ్ ఎక్కడుందో తెలియలేదు. పీ0351 నుంచి పీ0354 మధ్య కోడ్ వస్తే అది కాయిల్ సర్క్యూట్ గురించి సూటిగా చెప్పడమే, అయితే అక్కడ కూడా వైరింగ్, కనెక్టర్ చూడాలి. పీ0300 వస్తే సిలిండర్ ఫలానా అని తేలలేదని.

మరి పీ0171? ఎస్టిమేట్‌లోకి ఆక్సిజన్ సెన్సార్ వచ్చింది దీనివల్లేనని నా అంచనా. మూడో సిలిండర్ మండకపోతే అందులో పీల్చిన గాలి మొత్తం వాడకుండానే సైలెన్సర్ వైపు వెళ్తుంది. ఆ ఆక్సిజన్‌ని చూసి సెన్సార్ "గాలి ఎక్కువైంది" అని చెప్తుంది, ఈసీయూ పెట్రోల్ పెంచుతుంది. సెన్సార్ అబద్ధం చెప్పలేదు, చూసింది చూసినట్టే చెప్పింది. మిస్‌ఫైర్ కోడ్ కూడా ఉన్నప్పుడు ముందు దాని సంగతి చూసి, ఆ తర్వాత కూడా పీ0171 వస్తే అప్పుడు సెన్సార్ గురించి, గాలి లీక్ గురించి ఆలోచించాలి.

కోడ్ పక్కనే ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఒక ఆప్షన్ ఉంటుంది, దాన్ని చాలామంది తెరవరు. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ పరిస్థితి అందులో సేవ్ అయి ఉంటుంది. మా కారులో చూపించింది: 2,350 ఆర్‌పీఎం, లోడ్ 81 శాతం, కూలెంట్ 92 డిగ్రీలు. అంటే బాగా వేడెక్కాక, గట్టిగా లాగుతున్నప్పుడు. నాన్న చెప్పిన చౌటుప్పల్ కథే అంకెల్లో. అనుమానం కాయిల్, ప్లగ్‌ల వైపే బలంగా తిరిగింది.

సర్వీస్ మోడ్ 06 అని ఇంకోటుంది. కారు సపోర్ట్ చేస్తే ఒక్కో సిలిండర్‌లో ఎన్ని మిస్‌ఫైర్లు పడ్డాయో లెక్క చూపిస్తుంది. మా దాంట్లో మూడో సిలిండర్‌కి 412, మిగతావాటిలో మూడుకి మించి లేవు. నాలుగు కాయిల్సూ పోయాయన్న మాటకి ఈ ఒక్క స్క్రీన్ చాలు సమాధానం.

కోడ్లు క్లియర్ చేసే ముందు అన్నీ స్క్రీన్‌షాట్ తీసుకోండి. క్లియర్ కొడితే ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది.

మార్చి చూడటమే అసలు టెస్ట్

ప్రతి ప్లగ్‌కీ ఒక కాయిల్ ఉండటం వరం అన్నా కదా, ఇందుకే. మూడో కాయిల్‌ని తీసి రెండో దాంట్లో పెట్టాలి, రెండోదాన్ని మూడో దాంట్లో. మిగతా ఏదీ ముట్టుకోకూడదు. కోడ్ క్లియర్ చేసి, కారుని మళ్లీ అదే పరిస్థితిలో నడపాలి. మిస్‌ఫైర్ రెండో సిలిండర్‌కి మారితే దోషి కాయిల్. మూడులోనే ఉండిపోతే కాయిల్ నిర్దోషి, తర్వాత ప్లగ్ అలాగే మార్చి చూడాలి. అప్పటికీ కదలకపోతే ఇంజెక్టర్, కంప్రెషన్. అక్కడినుంచి మెకానిక్ పని, డాంగిల్ పని కాదు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టా. ఇగ్నిషన్ ఆఫ్, బ్యాటరీ నెగటివ్ తీసి పక్కన పెట్టా. మా కారులో ఒక్కో కాయిల్‌కి ఒకే ఒక్క 10 నంబర్ బోల్ట్ ఉంది. దానికంటే కష్టమైంది ప్లాస్టిక్ కనెక్టర్. ఏళ్ల తరబడి వేడికి దాని లాక్ అప్పడంలా పెళుసుగా అయి ఉంటుంది. వైర్ పట్టుకుని లాగొద్దు. లాక్ నొక్కి, కనెక్టర్‌ని ముందు కాస్త లోపలికి తోసి, అప్పుడు బయటికి తీస్తే వస్తుంది. కాయిల్‌ని కొద్దిగా అటూ ఇటూ తిప్పుతూ పైకి లాగాలి, రబ్బరు బూట్ ప్లగ్‌కి అతుక్కుని ఉంటుంది. ఏ సిలిండర్ నెంబర్ ఒకటో మాన్యువల్‌లో చూసుకోండి. చాలా ఇంజిన్లలో బెల్ట్, చైన్ ఉన్న వైపు నుంచి లెక్క మొదలవుతుంది. కాయిల్స్ మీద మార్కర్‌తో నెంబర్లు రాశా.

పాత పద్ధతి ఒకటుంది. ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఒక్కో కాయిల్ పీకి, ఏది పీకితే ఇంజిన్ సౌండ్ మారదో చూడటం. ఈ కాయిల్స్‌తో అది చేయకండి. అన్ని వేల వోల్టులు ఎటో ఒకవైపు దారి చూసుకుంటాయి, ఆ దారి మీ చెయ్యి కావొచ్చు. కాలని పెట్రోల్ కూడా క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోతుంది.

మల్టీమీటర్ సంగతి కూడా అడుగుతారు. లోపల ఎలక్ట్రానిక్ స్విచ్ ఉన్న మూడు, నాలుగు పిన్నుల కాయిల్స్‌లో ఓమ్స్ చూసి ఏమీ తేల్చలేం. రెండు పిన్నులవైతే రెసిస్టెన్స్ చూడొచ్చు. కానీ చల్లటి కాయిల్‌లో బాగున్న రీడింగ్, వేడిలో లోడ్ మీద ఏమవుతుందో చెప్పదు. మార్చి చూడటానికి ఖర్చు సున్నా, జవాబు ఖాయం.

బిగించాక నల్గొండ బైపాస్ దాకా వెళ్లా, రోడ్డు ఖాళీగా ఉన్న చోట మాత్రమే లోడ్ ఇచ్చా. పదిహేను నిమిషాలు ఏమీ లేదు. కూలెంట్ 90 దాటాక మూడో గేర్‌లో తొక్కితే అదే జర్క్. పక్కకి ఆపి స్కాన్ చేశా: పీ0302. రోగం కాయిల్‌తోపాటు రెండో ఇంటికి మారింది.

ఆ బ్లింకింగ్ గురించి ఒక మాట. చెక్ ఇంజిన్ లైట్ నిలకడగా వెలిగితే వీలు చూసుకుని చూపించుకోవచ్చు. ఆరి వెలుగుతుంటే మాత్రం క్యాటలిటిక్ కన్వర్టర్ పాడయ్యేంత మిస్‌ఫైర్ జరుగుతోందని అర్థం. మండని పెట్రోల్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది, లోపలి తేనెతుట్టెలాంటి పింగాణీ భాగం కరిగిపోతుంది. దాని ధర ముందు కాయిల్ ధర లెక్కలోకే రాదు. యాక్సిలరేటర్ వదిలి, నెమ్మదిగా పక్కకి తీయాలి. నాన్నని హైవే ఎక్కొద్దన్నది ఇందుకే.

కాయిల్‌ని చంపింది ప్లగ్

కొత్త కాయిల్ వేసేసి ఊరుకుంటే పని సగమే. నాలుగు ప్లగ్‌లూ విప్పా. విప్పేముందు గుంటలో ఉన్న దుమ్ముని గాలి కొట్టి ఊదేయాలి, లేదంటే ప్లగ్ రాగానే అదంతా సిలిండర్‌లోకి జారుతుంది. మాన్యువల్ ప్రకారం గ్యాప్ 0.8 నుంచి 0.9 మిల్లీమీటర్లు ఉండాలి. ఫీలర్ గేజ్ పెడితే నాలుగూ 1.2 పైనే. మధ్యలో పదునుగా ఉండాల్సిన ముక్క అరిగి గుండ్రంగా అయిపోయింది. సర్వీస్ బుక్ తిరగేస్తే 40 వేల దగ్గర ఒకసారి మార్చారు, ఆ తర్వాత లేదు. మామూలు నికెల్ ప్లగ్‌లు, 46 వేల కిలోమీటర్లు. ఇరిడియంవైతే దాదాపు లక్ష దాకా లాగుతాయి, ఇవి లాగవు.

గ్యాప్ పెరిగితే రవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజ్ కావాలి. ప్రతిసారీ కాయిల్ తన గరిష్ఠ శక్తి దగ్గరే పనిచేస్తుంది, ఇన్సులేషన్ అంత త్వరగా పోతుంది. మూడో ప్లగ్ తెల్ల పింగాణీ మీద పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత కనిపించింది. దానికి ఎదురుగా కాయిల్ బూట్ లోపల కూడా అలాంటిదే. కరెంట్ ప్లగ్ కొస దాకా వెళ్లకుండా పక్కనుంచి బాడీకి దూకిన దారి అది. ఆ గీత ఉన్న ప్లగ్ మీద కొత్త కాయిల్ పెడితే, కొత్త బూట్ కూడా అదే దారి పడుతుంది. కాయిల్ మార్చిన మూడు నెలలకే మళ్లీ పోయిందని తిట్టుకునేవాళ్లలో చాలామంది ప్లగ్ మార్చనివాళ్లే అయి ఉంటారు.

సీఎన్‌జీ కిట్ ఉన్నవాళ్లు దీన్ని ఇంకొంచెం సీరియస్‌గా తీసుకోవాలి. పెట్రోల్ కంటే సీఎన్‌జీకి స్పార్క్ వోల్టేజ్ ఎక్కువ కావాలి, అందుకే ఆ కార్లలో ప్లగ్‌లు, కాయిల్స్ తొందరగా అరిగిపోతాయి.

కొత్త ప్లగ్‌ని మొదట చేత్తోనే తిప్పాలి. హెడ్ అల్యూమినియం, మర అడ్డం పడితే అసలు ఖర్చు అప్పుడు మొదలవుతుంది. టార్క్ రెంచ్ ఉంటే మాన్యువల్‌లో ఉన్న అంకెకి బిగించండి. లేకపోతే, వాషర్ ఉన్న 14 ఎంఎం కొత్త ప్లగ్ చేత్తో ఆగిపోయాక అర నుంచి మూడింట రెండొంతుల చుట్టు చాలు. వాషర్ లేని ఏటవాలు సీటు ప్లగ్‌కి ఇది వర్తించదు, దానికి చాలా కొద్దిగా తిప్పాలి. బూట్ లోపలి అంచుకి పలచగా డైఎలక్ట్రిక్ గ్రీజు రాశా, వానాకాలం తడికి, తర్వాతిసారి ఊడదీయడానికి రెండిటికీ మంచిది. కాయిల్ బోల్ట్ చిన్నది, ఆగాక మణికట్టుతో కొంచెం బిగిస్తే సరిపోతుంది.

నాలుగూ మార్చాలా?

ఒకటే మార్చా. మిగతా మూడూ అదే వయసువి కదా, అవీ పోతాయి కదా అంటే, పోవచ్చు. కానీ పోయిందో లేదో తెలుసుకోవడానికి నా దగ్గర డాంగిల్ ఉంది, మార్చడానికి పది నిమిషాలు. వీ6 ఇంజిన్లలో వెనక వైపు కాయిల్స్ చేరాలంటే పైన ఇన్‌టేక్ మానిఫోల్డ్ మొత్తం విప్పాల్సి రావొచ్చు. అలాంటి కారైతే లేబర్ ఖర్చు చూసి అన్నీ ఒకేసారి మార్చేయడమే తెలివి. మన చిన్న కార్లకి ఆ లెక్క పనికిరాదు.

కాయిల్ మాత్రం కక్కుర్తి పడకండి. పార్ట్ నెంబర్ పాత కాయిల్ మీదే ముద్రించి ఉంటుంది, దాన్ని ఫోటో తీసి షాపులో చూపించండి. ఆన్‌లైన్‌లో 600కి కూడా కనిపించింది, అదే బొమ్మ, అదే పేరు. నాకు అంత చవకలో అసలుది వస్తుందన్న నమ్మకం లేదు.

ఖర్చు: కాయిల్ 2,150, ప్లగ్‌లు నాలుగు 960, డాంగిల్ 749, ప్లగ్ సాకెట్ 350, ఫీలర్ గేజ్ 150, గ్రీజు 220. మొత్తం 4,579. ఇందులో పావు వంతుకి పైనే మళ్లీ మళ్లీ పనికొచ్చే సామానే.

కోడ్లు క్లియర్ చేసి ఇచ్చాక నాన్న 1,300 కిలోమీటర్లు తిప్పారు. మొన్న వెళ్లినప్పుడు మోడ్ 06 చూస్తే నాలుగు సిలిండర్లకీ సున్నా. పీ0171 కూడా తిరిగి రాలేదు, పెట్రోల్ అడ్జస్ట్‌మెంట్ చూపించే ఫ్యూయల్ ట్రిమ్ 2 శాతం దగ్గర నిలకడగా ఉంది. ఆక్సిజన్ సెన్సార్ పాతదే, ఇంజెక్టర్లూ ఎవరూ ముట్టుకోనివే.

ఒక్క పని మిగిలింది. ప్లగ్‌లు విప్పినప్పుడు నాలుగో గుంట అడుగున కొంచెం ఇంజిన్ ఆయిల్ చేరి ఉంది. పైనున్న ట్యాపెట్ కవర్ గ్యాస్కెట్ నుంచి కారుతోందన్నమాట. ఆయిల్‌లో నానితే కాయిల్ రబ్బరు బూట్ ఉబ్బి మెత్తబడిపోతుంది, అప్పుడు పోయేది నాలుగోది. డాంగిల్‌కి ఇది కనపడదు, టార్చ్ లైట్‌కి కనపడింది. ఆ గ్యాస్కెట్ వానలు మొదలయ్యేలోపు మార్పించమని నాన్నకి చెప్పా.